మా అమ్మ దాచిన విత్తనం మీద ఎవరైనా పేటెంటు తీసుకోగలరా?

శివారు_రైతు
సఖినేటిపల్లి మండలంలో కాలువ చివరన మాకు రెండున్నర ఎకరాల పొలం ఉంది. సముద్రం పోటు మీద ఉన్న రోజుల్లో మురుగు కాలువ గుండా ఉప్పునీరు వెనక్కి తన్నుకొస్తుంది కాబట్టి, సార్వాలో అందరూ వేసే రకాలు మా దిగువ చేలో ఊడ్చిన పక్షం రోజులకే చిగుళ్లు ఎండిపోతాయి. మా అమ్మ మాత్రం తన అత్తగారి నాటి నుంచి వస్తున్న ఒక ఎర్ర గింజ రకాన్ని ఏటా అరెకరంలో వేయిస్తుంది. ఇంట్లో దానిని చౌడు వడ్లు అంటాం. కోతకు ముందు తానే గట్ల వెంట తిరిగి, నిండుగా ఉన్న కంకులను చేత్తో తుంపి, నీడలో ఆరబెట్టి, వేపాకు కలిపి కుండలో పోసి, మూతికి పేడమట్టి మెత్తి అటక మీద పెడుతుంది. దిగుబడి తక్కువే కానీ, ఉప్పెక్కిన ఏడాది కూడా ఆ అరెకరం ఎప్పుడూ ఎండిపోలేదు.

గత నెలలో నేను చెరువు దగ్గర ఉన్న సమయంలో ఇద్దరు మనుషులు కారులో వచ్చి, తాము పరిశోధన చేసేవారమని చెప్పి, రెండు కిలోల విత్తనం తీసుకుని, అయిదు వందల రూపాయలు ఇచ్చి, ఇంగ్లీషులో ఉన్న నాలుగు పేజీల కాగితం మీద అమ్మ చేత సంతకం పెట్టించుకుని వెళ్లారు. అమ్మకు తెలుగులో పేరు రాయడం తప్ప చదువు రాదు. వాళ్లు ఈ విత్తనం మీద పేటెంటు తీసుకుంటే, రేపు మా విత్తనం మేము చల్లుకున్నందుకు మా మీదనే కేసు పడుతుందా? తెలిసినవారు చెప్పగలరు.

ఆకుమడి_అమలాపురం
ఇదే భయం నాకూ ఉంది. గాయాలకు పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి పేటెంటు ఇచ్చారు. బాస్మతి గింజల మీద 1997లో అక్కడి కంపెనీకే ఇచ్చారు. మనం మేలుకునే లోపల పని జరిగిపోతుంది.

రాజమండ్రి_వకీలు
పై మిత్రులు చెప్పిన రెండూ నిజమే, అయితే మిగిలిన సగం కూడా చెప్పాలి. పసుపు పేటెంటును మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సి.ఎస్.ఐ.ఆర్. సవాలు చేసి, పాత గ్రంథాలను, వైద్య పత్రికలను సాక్ష్యంగా చూపడంతో 1997లో రద్దు చేశారు. బాస్మతి విషయంలోనూ మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పిన తర్వాత ముఖ్యమైన క్లెయిములు, అంటే హక్కు కోరిన అంశాలు, నిలవలేదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మన 1970 పేటెంటు చట్టంలోని సెక్షన్ 3(జె) ప్రకారం మొక్కలు, జంతువులు, వాటి భాగాలు, విత్తనాలు, రకాలు, జాతులు, వాటిని సహజ పద్ధతిలో పుట్టించే విధానాలు పేటెంటుకు అర్హం కావు. సూక్ష్మజీవులకు మాత్రం మినహాయింపు ఉంది. సెక్షన్ 3(సి) ప్రకారం ప్రకృతిలో ఉన్నదానిని కనుగొన్నంత మాత్రాన అది ఆవిష్కరణ కాదు. కాబట్టి మీ అమ్మగారి వడ్ల మీద ఈ దేశంలో ఎవరికీ పేటెంటు రాదు.

మొక్కల రకాలకు వేరే చట్టం ఉంది. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద కొత్త రకాన్ని తయారు చేసిన బ్రీడరు దానిని నమోదు చేసుకుంటే పంటలకు 15 ఏళ్లు, చెట్లకు, తీగలకు 18 ఏళ్లు హక్కు ఉంటుంది. అదే చట్టంలోని సెక్షన్ 39, రైతు తన పంటనూ విత్తనాన్నీ దాచుకోవచ్చని, మళ్లీ చల్లుకోవచ్చని, ఇచ్చిపుచ్చుకోవచ్చని, అమ్ముకోవచ్చని చెబుతుంది. బ్రాండు పేరు వేసిన సంచిలో పెట్టి అమ్మడం ఒక్కటే కూడదు. మీ చేలో మీరు చల్లుకోవడానికి ఏ అడ్డూ లేదు.

శివారు_రైతు
చాలా ధైర్యం వచ్చింది వకీలు గారూ. అయితే గుజరాత్‌లో బంగాళదుంప రైతుల మీద కోటి రూపాయల దావా వేశారని అప్పట్లో పేపర్లో చదివాను. ఆ సెక్షన్ 39 వాళ్లకు కూడా వర్తించాలి కదా?

రాజమండ్రి_వకీలు
వర్తించాలనే నా వాదన కూడా. 2019లో పెప్సీకో సంస్థ, చిప్స్ కోసం నమోదు చేసుకున్న ఎఫ్.ఎల్. 2027 అనే రకాన్ని అనుమతి లేకుండా పండించారంటూ కొందరు రైతుల మీద ఒక్కొక్కరికి కోటి రూపాయలకు పైగా నష్టపరిహారం కోరింది. దేశమంతటా నిరసన రావడంతో ఆ ఏడాది మే నెలలో దావాలను ఉపసంహరించుకుంది. 2021 డిసెంబరులో ఆ నమోదునే సంబంధిత ప్రాధికార సంస్థ రద్దు చేసింది, కానీ 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఆ రద్దును కొట్టివేసింది. చట్టం రైతు వైపు ఉన్నప్పటికీ, సమన్లు ఇంటికి వచ్చిన రోజున ఆ రైతు పడే ఆందోళనను ఏ సెక్షనూ ఆపలేదన్నది నేను ఒప్పుకుంటాను.

తణుకు_కోళ్ల_ఫారం
జీవం ఉన్నదానికి పేటెంటు రాదని అనుకుని నిశ్చింతగా ఉండవద్దు. కోళ్ల పెంపకందారులందరికీ గంబోరో వ్యాధి తెలుసు. పిల్లల దశలో వస్తే షెడ్డు షెడ్డే ఖాళీ అవుతుంది. ఆ వ్యాధికి టీకా తయారు చేసే విధానం మీద ఒక స్విస్ కంపెనీ పేటెంటు అడిగితే, తయారైన వస్తువులో బతికున్న వైరస్ ఉంది కాబట్టి ఇవ్వబోమని మన పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. 2002 జనవరిలో కలకత్తా హైకోర్టు, తయారైన వస్తువులో జీవం ఉండటం ఒక్కటే తిరస్కరించడానికి కారణం కాజాలదని చెప్పి మళ్లీ పరిశీలించమన్నది. టీకా డబ్బా చేతిలో పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ తీర్పు గుర్తుకొస్తుంది, ఎందుకంటే టీకా లేకపోతే నా ఫారం లేదు.

రాజమండ్రి_వకీలు
సరైన ఉదాహరణ. మొక్క మీద రాని పేటెంటు, మొక్కలోకి ఎక్కించే జన్యువు మీద, ఎక్కించే విధానం మీద వస్తుందా అన్నదే అసలు తగాదా. బి.టి. పత్తి జన్యువు మీద మోన్‌శాంటో అనే విత్తన కంపెనీ తీసుకున్న పేటెంటు చెల్లదని 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం చెప్పింది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, సాక్ష్యాలతో పూర్తి విచారణ జరపమని వెనక్కి పంపింది.

కాకినాడ_ప్రయోగశాల
నేను ఈ రంగంలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను, అందువల్ల రెండో పక్షం కూడా వినిపించాలి. ఉప్పును తట్టుకునే ఒక రకంలో ఏ జన్యువు ఆ పని చేస్తోందో తేల్చడానికి సంవత్సరాలు పడుతుంది, ఆ ఖర్చు పెట్టేవారికి ఇరవై ఏళ్ల పేటెంటు రక్షణ కూడా లేకపోతే ఎవరూ ముందుకు రారు. పేటెంటు అంటే దోపిడీ అని మాత్రమే చూడటం సరికాదు. పేటెంటు పొందాలంటే ఆవిష్కరణ ఎలా పనిచేస్తుందో అందరికీ అర్థమయ్యేలా రాసి ప్రచురించాలి, గడువు తీరాక అది అందరిదీ అవుతుంది. పేటెంటు లేని చోట కంపెనీలు రహస్యంగా దాచుకుంటాయి, అది రైతుకు ఇంకా నష్టం.

ఇంకొక విషయం. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. వాటిలో పూసా డి.ఎస్.టి. రైస్ 1 అనేది మన మార్టేరు వరి పరిశోధన స్థానంలో పుట్టిన కాటన్ దొర సన్నాల నుంచి, అంటే ఎం.టి.యు. 1010 నుంచి తయారైనదే. కరవును, ఉప్పును తట్టుకోవడానికి ఒక జన్యువును సవరించారు. బయటి జన్యువును చేర్చలేదు కాబట్టి, జన్యుమార్పిడి పంటల నిబంధనల నుంచి 2022లో ఇచ్చిన మినహాయింపు దానికి వర్తించింది. శివారు రైతు గారి లాంటి పొలాల కోసమే ఈ పని జరుగుతోంది. పరిశోధకులు విత్తనం అడగడమే నేరమన్నట్టు మాట్లాడితే ఆ పని ఆగిపోతుంది.

పంతులమ్మ_పాలకొల్లు
అడగడం నేరమని ఇక్కడ ఎవరూ అనలేదండి. ఆమెకు రాని భాషలో సంతకం పెట్టించుకోవడం గురించి మాట్లాడుతున్నాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంతపు గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సరు టీకా అధ్యయనం జరిగినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్ల చేత సమ్మతి పత్రాల మీద సంతకాలు చేయించారని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తన నివేదికలో తప్పుపట్టింది. అదే గోదావరి ఎగువన జరిగిన సంగతి అది. మనిషి శరీరమైనా, మనిషి దాచుకున్న విత్తనమైనా, తీసుకునే ముందు ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం పరిశోధనలో మొదటి మెట్టు కావాలి. శాస్త్రం గొప్పదైతే ఆ మర్యాద ఇంకా ఎక్కువగా ఉండాలి.

కాకినాడ_ప్రయోగశాల
సమ్మతి విషయంలో మీ మాటను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. మా సంస్థలో తెలుగు పత్రం లేకుండా నమూనా తీసుకోనివ్వరు. అన్ని చోట్లా అలా జరగడం లేదన్నది నిజం.

మార్టేరు_విశ్రాంత_ఉద్యోగి
పెట్టుబడికి పేటెంటు లేకపోతే పరిశోధన లేదన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మార్టేరు పరిశోధన స్థానం 1925లో మొదలైంది. అక్కడ వశిష్ఠ, మసూరి రకాలను సంకరం చేసి తీసిన స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029, 1982లో విడుదలైంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్దవారు ఒక్కొక్క కంకిని దీపం వెలుతురులో విడదీసి, గింజలు లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకోవడం చూశాను. ఆ విత్తనం తూర్పు రాష్ట్రాలన్నిటికీ పాకింది, బంగ్లాదేశ్‌లోనూ పండుతోంది. ఎవరి దగ్గరా రాయల్టీ అడగలేదు, ఎవరి మీదా దావా వేయలేదు. ప్రజల పన్నుతో నడిచిన సంస్థ ప్రజలకే ఇచ్చింది.

ఆ తర్వాత స్వర్ణలో ఒక్క లోటు మిగిలింది, వరద నీటిలో మునిగితే కుళ్లిపోయేది. దానికి విరుగుడు దొరికినది ఒడిశా రైతుల పాత రకం నుంచి. ఎఫ్.ఆర్. 13ఎ అని పేరు పెట్టిన ఆ రకంలోని సబ్1 జన్యువును స్వర్ణలోకి తెచ్చి, 2009లో మన దేశంలో స్వర్ణ సబ్1ను విడుదల చేశారు. రెండు వారాల దాకా నీట మునిగినా మళ్లీ లేస్తుంది. అంత విలువైన గుణాన్ని తరతరాలుగా దాచి ఉంచిన ఒడిశా ఇల్లాళ్ల పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. శివారు రైతు గారి అమ్మగారి పేరు కూడా అలా జారిపోకూడదని నా కోరిక.

కడియం_నర్సరీ
మా వైపు తగాదా మరో రకంగా ఉంటుంది. మేము వరి వాళ్లం కాదు, గులాబీ, మందార, క్రోటన్ల వాళ్లం. బయటి నుంచి తెప్పించుకున్న కొన్ని గులాబీ మొక్కల మెడకు చిన్న ప్లాస్టిక్ చీటీ ఉంటుంది, అనుమతి లేకుండా దీనిని అంటుకట్టకూడదు అని. కడియపులంకలో తాతల నాటి నుంచి మా బతుకే అంటుకట్టడం. ఒక కొమ్మ దొరికితే కత్తి తీసే చెయ్యి ఆగదు. గులాబీ కూడా ఆ 2001 చట్టం కింద నమోదు చేసుకోదగిన మొక్కే కాబట్టి, రిజిస్టరైన రకమైతే మేము వందల సంఖ్యలో కట్టి అమ్మడం తప్పే అవుతుంది. అయితే ఆ చీటీ ఉన్న రకం మన దేశంలో నమోదైందో, విదేశంలో మాత్రమే అయిందో తెలుసుకుని కట్టాలని మాకు ఎవరూ చెప్పలేదు. రైతు దాచుకునే విత్తనానికీ, నర్సరీ అమ్మకానికీ చట్టం గీసిన గీత ఎక్కడుందో వకీలు గారు ఒక రోజు వచ్చి మా సంఘంలో చెబితే మేలు.

రాజమండ్రి_వకీలు
తప్పకుండా వస్తాను. ఒక్క మాట ఇప్పుడే చెబుతాను. తెలియక చేసిన రైతును ఆ 2001 చట్టంలోని సెక్షన్ 42 కాపాడుతుంది. పెద్ద ఎత్తున అంటుకట్టి వ్యాపారం చేసేవారు ఆ రక్షణ మీద ఆధారపడకుండా, మొక్క తెప్పించుకునే ముందే నమోదు వివరాలు చూసుకోవడం మంచిది.

ఆకుమడి_అమలాపురం
ఆత్రేయపురం పూతరేకులకు పేటెంటు వచ్చింది కదా. ఈ చౌడు వడ్లకు కూడా ఊరంతా కలిసి అదే తీసుకుంటే సరిపోదా?

పంతులమ్మ_పాలకొల్లు
పూతరేకులకు 2023లో వచ్చినది పేటెంటు కాదండి, భౌగోళిక గుర్తింపు. ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో చేసిన వస్తువుకే ఆ పేరు వాడాలని చెప్పే హక్కు అది. విత్తనంలోని జన్యువును మరొకరు వాడుకోవడాన్ని అది ఆపలేదు.

శివారు_రైతు
నిన్న రాత్రి మా మేనల్లుడి చేత ఆ కాగితం చదివించాను. మా దగ్గర వదిలి వెళ్లినది చివరి రెండు పేజీల నకలు మాత్రమే. దానిలో, ఇచ్చిన నమూనా మీద గానీ, దాని నుంచి తీసే జన్యు సమాచారం మీద గానీ, దానితో తయారయ్యే ఉత్పత్తుల మీద గానీ దాతకు ఇక ఏ హక్కూ ఉండదని రాసి ఉంది. కింద ఇంకొక వాక్యం, ఇదే నమూనాను దాత వేరే ఎవరికీ ఇవ్వకూడదని. ఆ వాక్యం అర్థం చెప్పగానే అమ్మ పీట మీద నుంచి లేచి నిలబడింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి అడిగిన వారికల్లా కుంచెడు ఇస్తూ వచ్చింది, మళ్లీ ఏడాది వాళ్లు కుంచెంబావు కొలిచి తిరిగి ఇస్తారు. పోయినేడు మా కుండలో పురుగు పడితే పక్క ఊరి నుంచి మా విత్తనమే తిరిగి తెచ్చుకున్నాం. నేను ఎవరికీ ఇవ్వకూడదని చెప్పడానికి వాళ్లెవరు అని అడుగుతోంది. ఆమెకు ఏం చెప్పాలో తెలియక మీ దగ్గరకు వచ్చాను.

రాజమండ్రి_వకీలు
అమ్మగారికి ఇలా చెప్పండి. 1872 నాటి ఒప్పంద చట్టం ప్రకారం ఇద్దరు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో అంగీకరిస్తేనే సమ్మతి అవుతుంది. చదివి వినిపించకుండా, అర్థం చెప్పకుండా తీసుకున్న సంతకాన్ని సవాలు చేయడానికి గట్టి ఆధారం ఉంది. ముందుగా ఆమె పేరు మీద, ఆ పత్రంలోని విషయాలు తనకు చెప్పలేదని, ఆ షరతులను అంగీకరించడం లేదని, పూర్తి నకలు పంపమని ఆ సంస్థకు స్పీడ్ పోస్టులో ఉత్తరం వేయండి, ఆ రసీదు జాగ్రత్త చేయండి.

రెండోది, 2002 జీవవైవిధ్య చట్టం. విదేశీ సంస్థ అయితే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి లేకుండా మన జీవ వనరులను తీసుకోకూడదు. పేటెంటు దరఖాస్తులో కూడా ఆ జీవపదార్థం ఏ ప్రాంతం నుంచి వచ్చిందో వెల్లడించాలని పేటెంటు చట్టమే చెబుతోంది. 2023 సవరణతో జీవవైవిధ్య చట్టంలో జైలు శిక్షలు తీసేసి జరిమానాలు పెట్టారు, అది నాకు నచ్చని మార్పు, అయినా చట్టం ఉన్నది. ఉత్తరంలో ఏ అనుమతితో వచ్చారో అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి మిగతాది చూద్దాం.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తోంది. 2001 చట్టంలో రైతుల రకం అనే ప్రత్యేక నమోదు ఉంది, దానికి రైతుల నుంచి రుసుము తీసుకోరు. అమ్మగారి పేరుతో నమోదు అయితే, దాని నుంచి పుట్టించిన రకాన్ని ఎవరైనా నమోదు చేసుకోవాలన్నా సెక్షన్ 43 ప్రకారం ఆమె సమ్మతి కావాలి.

కాకినాడ_ప్రయోగశాల
ఇతరులకు ఇవ్వకూడదన్న వాక్యం చదివాక నా వృత్తి మీద నాకే బాధ కలిగింది. అది శాస్త్రానికి అవసరమైన షరతు కానే కాదు.

న్యాయంగా పంచుకోవాలని ప్రయత్నించినా అది ఎంత కష్టమో ఒక ఉదాహరణ చెబుతాను. బాక్టీరియా ఆకు ఎండు తెగులును తట్టుకునే ఎక్స్.ఎ. 21 జన్యువు పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. 1990లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దాని మీద పేటెంటు పొంది, లాభం వస్తే మూలం ఇచ్చిన దేశాలకు కొంత చేరాలని ఒక నిధిని ఏర్పాటు చేసింది. లైసెన్సు తీసుకోవాలనుకున్న కంపెనీలు వెనక్కి తగ్గడంతో ఆ నిధిలోకి అనుకున్న సొమ్ము రాలేదు. మన హైదరాబాదు శాస్త్రవేత్తలు అదే జన్యువును సంకరం ద్వారా సాంబ మసూరిలోకి తెచ్చి 2008లో రైతులకు ఇచ్చారు. మాలి రైతుకు దక్కింది ఏమీ లేదు. అందుకే నిధులు, వాగ్దానాల కన్నా వకీలు గారు చెప్పిన నమోదు బలమైనదని ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

తణుకు_కోళ్ల_ఫారం
ఊరిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఊరి మొక్కలు, జీవుల వివరాలు రాసే రిజిస్టరు ఉండాలని చదివాను. అక్కడ కూడా రాయించండి. పసుపు కేసును గెలిపించింది కాగితం మీద ఉన్న సాక్ష్యమే.

శివారు_రైతు
ఈరోజు పంచాయతీ కార్యాలయానికి వెళ్లాను. కార్యదర్శి గారు బీరువా అంతా వెతికి ఆ రిజిస్టరు బయటకు తీశారు. దానిలో మా ఊరి చేపలు, కొబ్బరి, మడ చెట్లు ఉన్నాయి, వరి అన్న చోట ఒక్క స్వర్ణ పేరు ఉంది. చౌడు వడ్లను చేర్చడానికి గ్రామసభలో పెడతానని చెప్పారు. ఉత్తరం రేపు పోస్టు చేస్తున్నాం, కింద అమ్మ తానే సంతకం పెట్టింది. ఈసారి మొత్తం రెండుసార్లు చదివి వినిపించిన తర్వాతనే కలం పట్టుకుంది. ఆ అయిదు వందలు కూడా మనియార్డరు చేయమంది. పరిశోధన వాళ్లు మళ్లీ వచ్చి తెలుగులో చెప్పి అడిగితే విత్తనం ఇస్తానని, కొలిచి తిరిగి ఇవ్వాలన్నది ఒక్కటే తన షరతు అని చెబుతోంది.

మార్టేరు_విశ్రాంత_ఉద్యోగి
నమోదు దరఖాస్తుకు మొక్క ఎత్తు, ఆకు రంగు, పూత వచ్చిన రోజు, కంకి పొడవు, గింజకు మీసం ఉందా లేదా వంటివన్నీ చేలో ఉండగానే కొలిచి రాయాలి. మీరు ఊడ్చి ఎన్ని రోజులైందో ఇక్కడ రాయండి. పూతకు ముందు ఒకసారి, గింజ పాలు పోసుకునేటప్పుడు ఒకసారి నేను బస్సులో వస్తాను. అమ్మగారు కంకులు తుంపే రోజున మాత్రం తప్పకుండా నన్ను పిలవండి, ఏ కంకిని తీసుకుంటారో, దేనిని వదిలేస్తారో ఆవిడ నోటితోనే చెప్పించి రాసుకోవాలి.

శివారు_రైతు
ఊడ్చి నేటికి ముప్పై నాలుగు రోజులు. పక్క చేలో స్వర్ణ చివర్లు ఎర్రబడ్డాయి, ఇది ఇంకా పచ్చగానే ఉంది.